గోధుమ పడని కడుపు: ఒక వ్యాధి చరిత్ర

ఉగాది పచ్చడిలో ఆరు రుచులున్నవి గాని గోధుమ లేదు. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లము, మామిడికాయ, ఉప్పు, కారము, ఇవి ఏ కడుపునకైనను పడును. చిక్కంతయు ఆ పచ్చడి పక్కన వడ్డించు పోలె దగ్గర వచ్చినది. మైదాతోనో గోధుమపిండితోనో చేసిన పోలె కొందరి కడుపులో విషమువలె పనిచేయునని చెప్పిన యెడల మన పద్మనగర్‌లో చాలమంది నవ్వుదురు. రెండేండ్ల క్రిందట నేనును నవ్వినవాడనే.

ఆ వ్యాధి పేరు సీలియాక్. నేను వైద్యుడను కాను, రైల్వేలో పార్సెల్ గుమాస్తాను. మా ఎనిమిదేండ్ల అమ్మాయికి ఈ వ్యాధి కలదని తేలిన నాటినుండి చదివినదియు, తెలిసినవారిని అడిగి గ్రహించినదియు ఈ సంచిక పాఠకులకు విన్నవించుచున్నాను.

గోధుమపిండిని తడిపి పిసికినప్పుడు సాగెడు జిగురు కలదు గదా, దానిని గ్లూటెన్ అందురు. బార్లీలోను, రై అను చలిదేశపు ధాన్యములోను దీని బంధువులున్నవి. ఇక మన చిన్నప్రేగు లోపలి సంగతి. షోలాపూరు టర్కీ తువ్వాలు మీరందరు చూచినదే. దానిమీద నూలు ఉచ్చులు లేచి నిలిచియుండుటచేతనే అది నీటిని పీల్చుకొనును. ప్రేగు లోపల కూడ అట్టి సన్నని మొలకలు లెక్కలేనన్ని నిలిచి ఆహారసారమును పీల్చుచుండును. ఈ వ్యాధి ఉన్నవారు గోధుమ తిన్నప్పుడు, శరీరమును కాపాడవలసిన రక్షణ బలమే తిరుగబడి ఆ మొలకలను దెబ్బతీయును. తువ్వాలు కాస్తా మన మగ్గములమీద దిగు గ్రే గుడ్డవలె చదునగును. అటుపిమ్మట ఎంత తిన్నను ఒంటబట్టదు. ఉబ్బిన పొట్ట, సన్నని చేతులు, విరేచనములు, రక్తహీనత, ఎదగని ఎత్తు, ఇవి గుర్తులు. కొందరిలో విరేచనములే ఉండవు, రక్తహీనత ఒక్కటే కనబడును. అందుచేతనే ఈ వ్యాధి ఏండ్ల తరబడి దాగియుండును.

మా అమ్మాయి విషయములో జరిగినదియు అదే. బలహీనత అన్నారు, నులిపురుగులన్నారు. ఒక వైద్యుడు బలమునకు మాల్టు పానీయము, తేలికగా అరుగుటకు టోస్టులు, గ్లూకోజు బిస్కెట్లు ఇమ్మని వ్రాసినాడు. మేము భక్తితో ఇచ్చినాము. మాల్టు బార్లీది, టోస్టు మైదాది. పిల్ల ఇంకను చిక్కినది. తరువాత బొంబాయిలో ఒక పెద్ద డాక్టరు రక్తపరీక్ష, దాని వెంట ప్రేగు ముక్క పరీక్ష చేయించి అసలు పేరు చెప్పినాడు. మొదటి వైద్యునిమీద నాకు చాల కోపముండెను. చరిత్ర చదివిన తరువాత ఆ కోపము సగము తగ్గినది. ఎందుకో చెప్పెదను.

క్రీస్తు తరువాత తొలి రెండు శతాబ్దుల కాలములోనే కపడోకియా దేశపు గ్రీకు వైద్యుడు అరెటియస్ ఈ జాడ్యమును వర్ణించినాడు. గ్రీకు భాషలో పొట్టకు కొయీలియా అని పేరు, దానినుండియే సీలియాక్ అను మాట వచ్చినది. తరువాత 1887లో లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు పిల్లలలో ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించి, మరుసటి ఏడు దానిని అచ్చువేయించినాడు. నయమగుట అనునది ఉన్నచో అది ఆహారమువల్లనే కావలెనని ఆయన గట్టిగా నమ్మినాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజమైనది. కాని ఏ ఆహారము? ఆయన అన్నము కూడదన్నాడు, మాల్టు ఆహారము మేలన్నాడు, పలుచగా కోసి రెండువైపుల కాల్చిన రొట్టె పెట్టవచ్చునన్నాడు! అంతటివాడే దొంగను ఇంటిలో పెట్టుకొని నిర్దోషియైన బియ్యమును వెళ్ళగొట్టినాడన్నచో, మన భివండీలో రోజుకు వందమందిని చూచు వైద్యుని నేనేమని నిందింతును?

ఆయన వ్రాతలోనే ఇంకొక వింత కలదు. ఒక బిడ్డకు హాలెండు నుండి వచ్చు ఆలిచిప్పల మాంసమును దినదినము పెట్టగా కోలుకొన్నదట. ఋతువు ముగిసి చిప్పలు రాక మానగానే వ్యాధి తిరుగబెట్టినదట. చిప్పలలో ఔషధము లేదు. కడుపు వానితో నిండినంత కాలము రొట్టె లోనికి పోలేదేమోనని ఇప్పుడు మనకు తోచును. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు అరటిపండ్ల పథ్యముతో ఇట్టి పిల్లలను బ్రదికించి ప్రసిద్ధి కెక్కినాడు. అక్కడను అదే కథ. నయము చేసినది అరటిపండు కాదు, రొట్టె మానుట. ఆ సంగతి తెలియక, నయమైనదనుకొని మరల రొట్టె పెట్టిన తల్లిదండ్రులెందరో!

ఈ చరిత్రకు ఒక తెలుగు శాఖ కలదు. ఇదే గుర్తులతో ఉష్ణదేశములలో వచ్చు మరియొక జాడ్యమును స్ప్రూ అందురు, మన పెద్దలు సంగ్రహణి అనెడివారు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను ఆ స్ప్రూ వ్యాధియే బలిగొన్నది. ఆయనను కూడ అది పట్టగా ఆయుర్వేద చికిత్సతో బయటపడినారు. తరువాత అమెరికా చేరి, లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసినవారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినారు. ఆ మందుతో స్ప్రూ రోగులు కోలుకొన్నారు. సీలియాక్‌నకు వైద్యులు పెట్టిన మరియొక పేరు ఉష్ణదేశమునకు చెందని స్ప్రూ. పేరులు దాయాదులవలె ఉన్నను దారులు వేరు. మొదటిదానికి మందు దొరికినది, రెండవదానికి నేటివరకు పథ్యమే మందు.

ఆ పథ్యమేదో తేలిన కథ హాలెండుది. అందులో రైల్వేవారి ప్రమేయముండుటచేత నేను కొంత నిలిచి చెప్పిన మన్నింపవలెను. 1944 సెప్టెంబరులో హాలెండు జర్మనుల క్రింద ఉండెను. లండనులో తలదాచుకొనియున్న డచ్చి ప్రభుత్వము రైల్వే సమ్మెకు పిలుపిచ్చినది. సుమారు ముప్పదివేల మంది ఉద్యోగులు పనిమాని, ఇండ్లు వదలి, అజ్ఞాతములో దాగినారు. సమ్మె యుద్ధము ముగియువరకు సాగినది. జర్మనులు కక్షతో పడమటి నగరములకు ఆహారము పోకుండ ఆపినారు. ఆ వెనుక చలికాలము వచ్చి కాలువలు గడ్డకట్టినవి. ప్రజలు తులిప్ పూలగడ్డలు తిన్నారు. ఇంచుమించు ఇరువదివేల మంది మరణించినారు. ఆ చలికాలమును అక్కడివారు ఆకలి శీతకాలమందురు.

హేగ్ నగరములో విలెం డిక్కె అను పిల్లల వైద్యుడుండెను. ఊరంతయు ఎండిపోవుచుండగా ఆయన ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రము, రొట్టె లేకుండ, మునుపటికన్న మేలుగా ఉన్నారు. యుద్ధము ముగిసి రొట్టె తిరిగి రాగానే వారికి వ్యాధి తిరిగి వచ్చినది. ఈ కథను చెప్పువారు కరవే కనిపెట్టించినదన్నట్లు చెప్పుదురు. అది సరికాదు. డిక్కె 1930వ దశకమునుండియే గోధుమను అనుమానించి, 1941లో ఒక వ్యాసము కూడ వ్రాసియుండెను. అనుమానించియున్నవానికే కరవు సాక్ష్యముగా నిలిచినది. యుద్ధము తరువాత ఆయనయు, వేయర్స్ అను వైద్యుడు, వాన్ డె కామర్ అను రసాయనికుడును కలిసి, పిల్లల ఆహారములో ఒక్కొక్క ధాన్యమును చేర్చుచు, తీయుచు, ఒంటబట్టక మలములో పోవు క్రొవ్వును కొలిచినారు. గోధుమ, రై దోషులు. వరి, మొక్కజొన్న నిర్దోషులు. 1950లో డిక్కె తన సిద్ధాంతగ్రంథమును ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించినాడు. 1952లో బర్మింగ్‌హాములో చార్లొట్ ఆండర్సన్ మున్నగువారు గోధుమలోని పిండిపదార్థము కాదు, జిగురే దోషియని చూపినారు.

మనదేశములో ఇది తెల్లవారి రోగమని చాలకాలము తలచినారు. 1966లో ఉత్తరభారత పిల్లలలో సీలియాక్ కలదని మన వైద్యులే బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించినారు. 1973లో బర్మింగ్‌హామునకు వలసవచ్చిన ఆసియా కుటుంబముల పిల్లలలోను ఉన్నదని చెప్పినవారిలో పై ఆండర్సన్‌గారు ఒకరు. 2016లో ప్రకటితమైన పరిశోధనలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతములలో 23,331 మంది పెద్దవారిని పరీక్షించినారు. ఉత్తరమున నూటికి 1.23, దక్షిణమున 0.10 మంది రక్తములో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు కనబడినవి. దినమునకు ఒక్కొక్కరు తిను గోధుమ ఉత్తరమున 455 గ్రాములు, దక్షిణమున 25 గ్రాములు. అయితే వ్యాధికి అనువైన జన్యులక్షణము మూడు ప్రాంతములలోను ఇంచుమించు మూడింట ఒకరికి కలదు. ఆ లక్షణమున్న వారిలో బహుకొద్దిమందికే వ్యాధి వచ్చును, కాని విత్తనము మన రక్తములో కూడ ఉన్నట్లే గదా!

ఇక మనము ఎక్కడివారము? కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండి మగ్గము వెంట వచ్చినవారము. మన తాతలకు జొన్న గటక, జొన్న రొట్టె, మక్క గటక, పండుగకు వరి అన్నము, గోధుమ అరుదు. 1956 ఒప్పందముతో అమెరికా గోధుమ ఓడలలో వచ్చినది, 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యము దిగుమతియైనది, ఆ వెంటనే పంజాబు గోధుమ విప్లవము నడచినది. రేషను దుకాణములో గోధుమ, భిస్సీలో చపాతీ, రాత్రిపాళీ నడుమ చాయతో పావ్, బడిపిల్లల డబ్బాలో బిస్కెట్టు. ఉప్మా రవ్వకు మనవారు పెట్టిన పేరే బొంబాయి రవ్వ! గోధుమ చెడ్డదని నా వాదము కాదు. పడినవారికి అది మంచి తిండియే, నేనును తినుచున్నాను. దక్షిణాదివారికి ఇది రాదులే అను మాట మాత్రము ఉత్తరాది తిండి తినుచున్న మన పిల్లలకు చెల్లదు.

పథ్యమనగా చపాతీ మానుటయే అనుకొన్నాము. జొన్నపిండి పెట్టినాము, ఐనను పిల్లకు కడుపునొప్పి పోలేదు. కారణము గిర్ని. మనకు ముందు ఎవరిదో గోధుమ విసిరినారు, ఆ పిండి రాళ్ళలో మిగిలియుండెను. పార్సెల్ ఆఫీసులో ఒక చీటీ మారిన మూట వేరే ఊరు పోవును, ఇక్కడను అంతే. ఊరినుండి మా నాయనమ్మ విసుర్రాయిని రైలులో తెప్పించినాము. పెనము వేరు, పీట వేరు, పోపుడబ్బా వేరు. ఇంగువలో గోధుమపిండి కలుపుదురని మాకు అప్పుడే తెలిసినది. సమోసా వేగిన నూనెలో పకోడీ కూడదు. గ్లూటెన్ లేదని అట్టమీద అచ్చువేయవలెనన్న కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని ప్రభుత్వ నియమము కలదు. అట్టి పొట్లములు ఖరీదు. జొన్న, సజ్జ, రాగి మనకు దగ్గరగానే దొరుకును, శుభ్రము చేసి ఇంటనే విసరుకొన్న చాలును.

వంటింటి కష్టముకన్న పంక్తిలోని కష్టము పెద్దది. ఒక ఇంట సత్యనారాయణ వ్రతములో మా పిల్ల ప్రసాదము వద్దన్నది. "ప్రసాదం కాదనొద్దు బిడ్డా, దేవుడు కోపగిస్తడు, ఇంతంత తింటే ఏం గాదు," అని ఆ ఇంటి పెద్దమ్మ చేతిలో పెట్టినది. ప్రేమతోనే పెట్టినది. పిల్ల నా ముఖము చూచినది. ఇంతంతయే చాలును, మొలకలు మరల చదునగుటకు. పురోహితుడు పెద్దమనసుతో కల్పించుకొని, వ్రతకథలోనే గోధుమపిండి లేనప్పుడు బియ్యపుపిండి వాడవచ్చునని ఉన్నదని చెప్పినాడు. ఆ మాట విన్నప్పటినుండి మా వీధిలో రెండిండ్లవారు బియ్యపు రవ్వ ప్రసాదమే చేయుచున్నారు.

ఒక్క విన్నపము. మీ ఇంట ఏ పిల్లయైన ఎదగక, రక్తము పట్టక ఉన్నచో, పరీక్షకు ముందే గోధుమ మానిపింపకుడు. మాన్పిన యెడల పరీక్షలో వ్యాధి దొరకదు. ముందు పరీక్ష, ఆ తరువాత పథ్యము.

ఈ ఉగాదికి మా ఇంట పోలెలు లేవు. మా అమ్మ పూర్ణములు చేయుచున్నది, పైతోపు మినుములు, బియ్యము నానవేసి రుబ్బినది. సంఘము విందు వంటవానితో కూడ మాట్లాడినాను. పూరీలు వేయకముందే, కొత్త నూనెలో మొదటి వాయి పూర్ణములు తీసి మూత పెట్టెదనని ఒప్పుకొన్నాడు.