ఇంటర్ మార్కుల విలువ ఎన్నిసార్లు మారింది?

ఇంటర్ సెకండియర్ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచుగా ఒక మాట అంటుంటారు: "ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ ఎలాగో పాసైతే సరిపోద్ది." ఈ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే చేతిదాకా వచ్చిన సీటు జారిపోతుంది. అదేంటో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ ప్రవేశాలకు, క్యాపిటేషన్ ఫీజుల నిషేధానికి 1983లో చట్టం వచ్చింది. చదివిన పరీక్షలో మార్కులను బట్టి గానీ, ఎంట్రన్స్ ర్యాంకును బట్టి గానీ సీట్లివ్వాలని అందులో ఉంది. 1986లో ఎంసెట్ మొదలైంది. తర్వాత చాలా ఏళ్లు ర్యాంకు లెక్కలో ఎంసెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ నడిచింది.

ఆ 25 శాతం చిన్నదేం కాదు. ఎంపీసీ గ్రూప్ సబ్జెక్టులకు 600 మార్కులున్న రోజుల్లో 540 వచ్చినవాళ్లకు 22.5 పాయింట్లు, 300 వచ్చినవాళ్లకు 12.5. తేడా 10 పాయింట్లు. 160 మార్కుల ఎంసెట్‌లో అది దాదాపు 21 మార్కులతో సమానం. కోచింగ్ లేని గురుకులం పిల్లలకు ఇంటర్‌లో బాగా రాయడమే అప్పుడు పెద్ద ఆసరా.

ఎన్‌ఐటీల్లో ఇంకో మార్పు జరిగింది. 2013లో ఏఐఈఈఈ పోయి జేఈఈ మెయిన్ వచ్చింది. 2016 వరకు ర్యాంకులో బోర్డు మార్కులకు ఏకంగా 40 శాతం వాటా. ఒక్కో బోర్డు ఒక్కోలా మార్కులిస్తుంది కాబట్టి వాటిని సరిచేసి లెక్కకట్టేవాళ్లు. 2017 నుంచి ఆ వాటా తీసేశారు. "ఇక ఇంటర్‌తో పనిలేదు" అన్న ప్రచారానికి అది బాగా బలమిచ్చింది.

కానీ వాటా పోయినా గేటు మాత్రం ఉంది. ఎన్‌ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే బోర్డు పరీక్షలో 75 శాతం ఉండాలి, ఎస్టీ, ఎస్సీలకు 65 శాతం. లేదంటే ఆ బోర్డులో తమ కేటగిరీ టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. మంచి ఎస్టీ ర్యాంకు ఉన్నా ఈ రెండింట్లో ఒక్కటీ లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ సీటు నిలవదు. మెడిసిన్‌కు ఇప్పుడు నీటే దారి. అక్కడా మనకు చాలా ఏళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం తప్పనిసరిగా ఉండేది.

కరోనా వచ్చాక లెక్కలన్నీ తారుమారయ్యాయి. 2020 నుంచి 2022 వరకు జేఈఈ ప్రవేశాల్లో ఆ 75, 65 శాతం నిబంధన సడలించారు, 2023లో మళ్లీ పెట్టారు. 2021లో ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. తెలంగాణలో ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కు వేశారు. ఆంధ్రలో పదో తరగతికి 30, ఫస్టియర్‌కు 70 శాతం చొప్పున లెక్కకట్టారు. ఫస్టియర్‌ను తేలిగ్గా తీసుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బే. 2023లో తెలంగాణ ఎంసెట్ వెయిటేజీని పూర్తిగా ఎత్తేసింది. అదే ఏడాది ఆంధ్ర మాత్రం ఈఏపీసెట్‌లో 25 శాతాన్ని తిరిగి తెచ్చింది. సరిహద్దుకు అటు ఒక రూలు, ఇటు ఒక రూలు. భద్రాచలంలో చదివిన అన్న చెప్పిన మాట చింతూరులో చదివే చెల్లికి పనికిరాదు.

రూలు మారిన ప్రతిసారీ ఆ కబురు సిటీ కోచింగ్ సెంటర్లకు ముందు చేరుతుంది, మన హాస్టళ్లకు చివర్లో. మన పిల్లలు సీట్లు పోగొట్టుకునేది తెలివి తక్కువై కాదు, కబురు ఆలస్యమై. రిజర్వేషన్ మన హక్కు. కానీ ఆ హక్కు చేతికందాలంటే ఈ గేటు కూడా దాటాలి.

కాబట్టి ఏ కోర్సుకైనా రెండు ప్రశ్నలు వేసుకుందాం. ర్యాంకులో ఇంటర్ మార్కులు కలుస్తాయా? చేరడానికి కనీసం ఎంత శాతం కావాలి? జవాబు సీనియర్ల నోట కాదు, ఆ ఏడాది బ్రోచర్‌లో చూడాలి. మార్కులు తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ ఫీజు గడువు దాటనివ్వొద్దు. అనుమానముంటే రీవెరిఫికేషన్ అడగాలి. 2019లో తెలంగాణ ఫలితాల్లో తప్పులు బయటపడ్డాక ఫెయిలైన వాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

మీ హాస్టల్లో, మీ గూడెంలో, తండాలో సెకండియర్ చదివేవాళ్లు ఎవరున్నా, పరీక్షలకు ముందే ఈ పోస్టు చదివి వినిపించండి.