సొంత సర్వర్ కోసం నలుగురు విద్యార్థులు: డయాస్పొరా చరిత్ర

మన పండగ ఫోటోలు, పెద్దలు చెప్పిన కథలు, పాటల వీడియోలు అన్నీ ఇలాంటి గ్రూపుల్లోనే పెట్టుకుంటున్నాం. ఇల్లు మనం కట్టుకున్నాం గానీ నేల కంపెనీది. మన దేశంలో ఎంతోమంది వాడిన ఆర్కుట్‌ని గూగుల్ 2014 సెప్టెంబర్ 30న మూసేసింది. వాడేవాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

ఈ సంగతి గురించి అంతకుముందే ఆలోచించినవాళ్లు న్యూయార్క్ యూనివర్సిటీలో చదివే నలుగురు కుర్రాళ్లు: డాన్ గ్రిప్పి, మాక్స్‌వెల్ సాల్జ్‌బర్గ్, రఫాయెల్ సోఫేర్, ఇల్యా జితోమిర్‌స్కీ. 2010 ఫిబ్రవరిలో ఎబెన్ మోగ్లెన్ అనే లా ప్రొఫెసర్ అక్కడ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఎవరి సమాచారం వాళ్ల చేతిలో, వాళ్ల సొంత సర్వర్లో ఉండాలన్నది దాని సారం. ఆ మాటలే వీళ్లని కదిలించాయి. 10 వేల డాలర్లు సాయం చెయ్యమని జనాన్ని అడిగితే 2 లక్షలు దాటి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో డయాస్పొరా కోడ్‌ని అందరికీ విడుదల చేశారు.

ఇది నడవాలంటే రాత్రీపగలూ ఆన్‌లో ఉండే లైనక్స్ కంప్యూటర్ ఒకటి, ఒక డొమైన్ పేరు కావాలి. దాంట్లో రూబీ, పోస్టులు దాచే పోస్ట్‌గ్రెస్క్యూఎల్, వెనకాల పనులు వరసలో పెట్టే రెడిస్, బయటివాళ్లకి వాకిలి లాంటి ఎన్‌జిన్‌ఎక్స్ ఎక్కించాలి. అలాంటి ఒక్కో సర్వర్‌ని పాడ్ అంటారు. పాడ్ అంటే గింజలున్న కాయ. ఒక పాడ్‌లో ఉన్నవాళ్లు ఇంకో పాడ్‌లో ఉన్నవాళ్లతో కూడా మాట్లాడుకోవచ్చు. అందరికీ కలిపి ఒక్క యజమాని ఉండడు.

2012 ఆగస్టులో దాన్ని మొదలుపెట్టినవాళ్లు బాధ్యతని వాలంటీర్లకి అప్పగించారు. కోడ్ అందరిదీ కాబట్టి పని ఆగలేదు. 2022లో వాళ్ల మొదటి పాడ్ కూడా మూతపడింది, మిగతా పాడ్‌లు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఏ పాడ్ మూతపడినా, ముందే దించుకోకపోతే మన పోస్టులు దానితోనే పోతాయి.

1/70 చట్టం కాగితం మీద ఉంటే చాలదని, కాపాడుకునేవాళ్లు ఊళ్లో ఉండాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వర్ సంగతీ అంతే. పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి మనమే ఒక పాడ్ పెడదాం అనుకుంటే, ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఏటా డొమైన్ డబ్బులు ఎవరు కడతారు? అప్‌డేట్లు ఎవరు చూస్తారు? ఆ మనిషి చదువు అయిపోయి వెళ్లిపోతే తర్వాత ఎవరు? కనీసం ఇద్దరు ముగ్గురికి పని తెలిసి ఉండాలి. బ్యాకప్ ఇంకో ఊళ్లో ఉండాలి.

అది కుదిరేలోపు, మీ ఫోన్లో ఉన్న పెద్దల పాటలు, మాటలు ఇవాళే రెండో చోట కూడా దాచిపెట్టండి.