చెమటకు విలువ, గాయానికి పూచీ

1852 ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపిసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ విద్యార్థులు పడవ పందెం వేసుకున్నారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ అదే. కుర్రాళ్ల ఖర్చులు భరించింది ఒక రైల్వే కంపెనీ. దాని రైళ్లకు ప్రయాణికులు కావాలి మరి. అలా కాలేజీ ఆటకు వ్యాపారం పుట్టుకతోనే తోడైంది. అందులో ఆడేవాడి వాటా ఎంతో తేలడానికి మాత్రం నూట డెబ్బై ఏళ్లు పట్టింది.

1905లో ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్ల ప్రాణాలు పోతుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీలవాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించి మందలించాడు. మరుసటి ఏడాది ఏర్పడిన కాలేజీల సంఘమే 1910లో ఎన్‌సీఏఏ అయింది. ఆటగాళ్లను కాపాడాలని పుట్టిన ఆ సంఘం, కాలక్రమేణా వాళ్ల చేతికి డబ్బు అందకుండా కాపలా కాయడమే పనిగా పెట్టుకుంది. 1956లో క్రీడా స్కాలర్‌షిప్పులకు ఒప్పుకుంది. 1973లో వాటిని ఏడాదికి కుదించి, చదువును కోచ్ దయకు వదిలేసింది.

ఈ చరిత్రలో మనసును కలచివేసే ఘట్టం 1955 నాటిది. కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇప్పించమని భార్య అడిగింది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదంటూ 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. ఇలాంటి దావాల భయంతోనే ఎన్‌సీఏఏ ‘విద్యార్థి-క్రీడాకారుడు’ అన్న మాటను చలామణిలోకి తెచ్చింది. ఉద్యోగి అంటే పరిహారం ఇవ్వాలి, విద్యార్థి అంటే అక్కర్లేదు. ఆ మాటను ముందుకు తెచ్చిన ఎన్‌సీఏఏ సారథి వాల్టర్ బయర్సే పదవి దిగాక, 1995లో రాసిన పుస్తకంలో ఆ విధానాన్ని దుయ్యబట్టాడు.

1984లో అమెరికా సుప్రీంకోర్టు టీవీ హక్కుల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని తొలగించాక డబ్బు వరదలా వచ్చింది. కోచ్‌ల జీతాలు కోట్లకు చేరాయి. ఆడేవాడికి దక్కింది ఫీజు, భోజనం, బస. 1995లో బాస్కెట్‌బాల్‌లో యూసీఎల్‌ఏను విజేతగా నిలిపిన ఎడ్ ఒబానన్, ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో వీడియోగేమ్ చూశాడు. తెర మీద తనలాగే ఎడమచేతి వాటం ఆటగాడు, అదే 31వ నంబరు. దానికి తనకు పైసా ముట్టలేదు. 2009లో కోర్టుకెక్కాడు, 2014లో గెలిచాడు. ఆ దారిలోనే 2021లో ఎన్‌సీఏఏ మీద వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదికి తొమ్మిది మందీ ఆటగాళ్ల పక్షాన నిలిచారు. ఆ జులై 1 నుంచి తమ పేరుతో, రూపంతో సంపాదించుకునే వీలు వాళ్లకు కలిగింది.

అమ్మాయిల కథ ఇంకో పోరాటం. 1972లో టైటిల్ నైన్ చట్టం సమాన అవకాశమంది. 2021లో జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల దగ్గర ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఒక చిన్న వీడియో తీసింది. మగవాళ్లకు హాలు నిండా వ్యాయామ పరికరాలు, ఆడవాళ్లకు ఒక్క స్టాండు డంబెల్స్. చట్టమొచ్చిన యాభయ్యో ఏటికి దగ్గరలో ఉన్నా సమానత్వం ఆ స్టాండు దగ్గరే ఆగిందని లోకమంతా చూసింది.

ఆటగాళ్లు వేసిన దావాల్లో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం ఎన్‌సీఏఏ పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. తొలి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచే వీలు అది కల్పించింది. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కూ, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కూ వెళ్తోంది.

వెనక్కి తిరిగి చూస్తే, ఆటగాళ్లకు దక్కిన ప్రధానమైన హక్కుల్లో చాలావరకు ఎవరో ఒకరు కోర్టు గుమ్మం తొక్కితేనో, చట్టసభ కదిలితేనో వచ్చాయి. చెమటకు విలువ కట్టడం మొదలైంది. గాయానికి పూచీ మాత్రం ఇంకా సగంలోనే ఉంది. కాలేజీ వదిలాక రెండేళ్లపాటు ఆట గాయాలకు వైద్యం చేయించాలన్న నిబంధన పెద్ద విశ్వవిద్యాలయాలకు 2024లో గానీ రాలేదు. విరిగిన మోకాలు రెండేళ్లు లెక్కపెట్టుకుని నొప్పి ఆపదు. డెనిసన్ భార్య అడిగిన ప్రశ్నకు నిండైన జవాబు దొరికిన రోజే ఈ ఆటలో న్యాయం జరిగిందని నేను నమ్ముతాను.