కత్తెర పోటు తప్పించుకున్న బిళ్లలు

1847 నవంబరులో అమెరికాలోని అలెగ్జాండ్రియా ఊరి నుంచి జేమ్స్ హఫ్ అనే యువకుడు రిచ్‌మండ్‌లో ఉన్న జానెట్ బ్రౌన్‌కు ప్రేమలేఖ పంపాడు. ఇద్దరివీ వేర్వేరు క్రైస్తవ శాఖలు, ఇంట్లోవాళ్లకు ఈ వ్యవహారం గిట్టదు. అందుకే ఎప్పటిలాగే చదివాక కాల్చెయ్యమని రాశాడు. ఆమె కాల్చకుండా కుట్టుపెట్టెలో దాచింది. 1907లో కూతురి కంటపడేదాకా అది అక్కడే ఉంది. కవరు మీద ఉన్నది ఊరి పోస్టుమాస్టర్ డేనియల్ బ్రయన్ సొంతంగా అచ్చు వేయించిన 5 సెంట్ల తపాలా బిళ్ల. నీలి కాగితం మీద అచ్చైనది ఆ ఒక్కటే ఇప్పటిదాకా బయటపడింది. ‘బ్లూ బాయ్’ అని పేరుపడ్డ ఆ కవరు 2019 వేలంలో సుమారు 11.8 లక్షల డాలర్లు పలికింది.

ప్రపంచంలో ఒక్కటే ఉన్నప్పుడు దాని అందచందాలు ఎవరూ అడగరు. వేలల్లో మిగిలిన బిళ్లల సంగతే వేరు.

అమెరికా దేశమంతటికీ కలిపి తొలి స్టాంపులు 1847 జులై 1న వచ్చాయి. గోధుమరంగు 5 సెంట్ల మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్, నలుపు 10 సెంట్ల మీద జార్జ్ వాషింగ్టన్. 300 మైళ్లలోపు వెళ్లే మామూలు ఉత్తరానికి 5, ఆపైన దూరానికి 10. మొదటి రకం సుమారు 37 లక్షలు, రెండోది 8.6 లక్షలకు పైగా తపాలా కార్యాలయాలకు చేరాయి. అప్పటికి బిళ్లల మధ్య చిల్లులు లేవు. షీటు నుంచి బిళ్లను కత్తెరతోనే వేరు చేయాలి. బొమ్మకూ బొమ్మకూ మధ్య జాగా తక్కువ, కౌంటరు దగ్గర తొందర ఎక్కువ. కత్తెర కాస్త పక్కకు జారితే ఒకవైపు ఫ్రాంక్లిన్ భుజం పక్కనున్న గీత పోయేది, పక్క బిళ్లకు ఆ మేర కాగితం కలిసొచ్చేది. నాలుగు వైపులా తెల్లటి అంచు నిండుగా నిలిచిన బిళ్లకు ఇప్పుడు పలికే ధరలో, అంచు తెగినదానికి చిన్న భాగమే వస్తుంది.

1851లో తపాలా ధరలు తగ్గి కొత్త బిళ్లలు రాగానే పాతవి చెల్లవన్నారు. వాడకుండా మిగిలినవాటిని పదిలంగా దాచుకోవాలన్న ఆలోచన అప్పటికి జనంలో లేదు. వాడని 10 సెంట్ల వాషింగ్టన్ ఈనాడు అంత అపురూపమైంది అందుకే.

1857లో చిల్లులు వచ్చాయి గానీ కష్టాలు తీరలేదు. అచ్చు పలకలు కత్తెర కాలానికి చెక్కినవి కాబట్టి బొమ్మల మధ్య చిల్లుల వరుసకు చోటు చాలలేదు. ఆ వరుస చాలా బిళ్లల్లో బొమ్మనే కొరికేసింది. 3 సెంట్ల బిళ్లకైతే పైనా కిందా గీతలు తీసేసి మరీ జాగా చేశారు. బొమ్మ సరిగ్గా మధ్యలో కుదిరిన 1857 నాటి బిళ్లలు అరుదు.

తర్వాత తపాలా శాఖకు ఇంకో బెంగ పట్టుకుంది. జనం ముద్ర సిరాను కడిగేసి అదే బిళ్లను మళ్లీ వాడతారేమోనని. చార్లెస్ స్టీల్ పేటెంటు చేసిన ఉపాయంతో 1867 నుంచి బిళ్లల మీద ‘గ్రిల్’ ఒత్తారు. చిన్నచిన్న చుక్కల వరుసలు కాగితం పోగుల్ని చిట్లగొడితే సిరా లోపలికంటా ఇంకుతుంది. అలా వచ్చినవాటిలో ‘జెడ్ గ్రిల్’ అనే రకం ఉన్న 1 సెంటు ఫ్రాంక్లిన్ బిళ్లలు రెండే తెలుసు. రెండూ ముద్ర పడినవే. ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది. రెండోదాన్ని 2005లో సేకర్త బిల్ గ్రాస్ చేజిక్కించుకున్నాడు, అప్పుడే 29.7 లక్షల డాలర్లు పెట్టి కొన్న తలకిందుల విమానం బిళ్లల నాలుగింటి కట్టను బదులిచ్చి. 2024 వేలంలో ఆ 1 సెంటు బిళ్ల 43 లక్షల డాలర్లు దాటింది.

ఆ తలకిందుల విమానం 1918 నాటిది. వాషింగ్టన్ నగరంలో విలియం రోబీ 24 డాలర్లకు కొన్న వంద బిళ్లల షీటులో కర్టిస్ జెన్నీ విమానం తిరగబడి ఉంది. అతను దాన్ని స్టాంపుల వ్యాపారి యూజీన్ క్లైన్‌కు 15,000 డాలర్లకు అమ్మేశాడు. క్లైన్ దాన్ని 20,000కు సేకర్త ఎడ్వర్డ్ గ్రీన్ చేతిలో పెట్టి, షీటు విడదీయకముందే ప్రతి బిళ్ల వెనకా పెన్సిలుతో నంబరు వేయించాడు. వాటిలో 49వది దశాబ్దాలపాటు వెలుతురు తగలకుండా బ్యాంకు లాకరులో ఉండిపోయింది. 2023లో దాని ధర 20 లక్షల డాలర్లు దాటింది. జిగురు చెడినవీ అంచు నలిగినవీ ఆ దరిదాపులకు రావు.

వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉండాలన్న ఈ పిచ్చి మొదటి తరం సేకర్తలకు లేదు. వాళ్లు బిళ్లను ఆల్బంలో నేరుగా అతికించేవారు, తర్వాత హింజ్ అనే చిన్న కాగితం ముక్కతో తగిలించేవారు. తీసిన ప్రతిసారీ వెనకాల మచ్చో, పలచబడ్డ చోటో మిగిలేది. ఇరవయ్యో శతాబ్దంలో హింజ్ తగలని బిళ్లకు గిరాకీ పెరిగేసరికి పాత బిళ్లలకు కొత్త జిగురు పూసేవాళ్లు పుట్టుకొచ్చారు. 1945లో న్యూయార్క్‌లో మొదలైన ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థలు సర్టిఫికెట్లు ఇస్తున్నది ఇలాంటివి పట్టుకోవడానికి కూడా. నిపుణులు భూతద్దం కింద ముందు చూసేది చిల్లుల అంచునే. అసలు బిళ్లకు జిగురు పూసి ఆరాకే చిల్లులు పడతాయి కనుక, విడదీసినచోట కాగితం పోగులు మెత్తగా విడివిడిగా ఉంటాయి. తర్వాత పూసిన జిగురు ఆ పోగుల్లోకి ఇంకి కొసలు గట్టిపడతాయి. వేలితో మెల్లగా నిమిరినా ఆ బిరుసు తెలిసిపోతుంది.