గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ ఛార్జింగు సమస్యలు

గోల్ఫ్ కార్ట్ అనేది గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళను, వారి ఆట సామగ్రిని చేరవేసే చిన్న వాహనం. వీటిలో విద్యుత్తుతో నడిచేవాటికి ఎదురయ్యే ముఖ్యమైన ఇబ్బంది, ఛార్జరు తగిలించినా బ్యాటరీలు నిండకపోవడం. ఛార్జరు పాడైందని భావించి కొత్తది కొనేవారు చాలామంది ఉన్నారు. అయితే దోషం తరచుగా బ్యాటరీలలోనో, వాటిని కలిపే తీగలలోనో ఉంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా సీసం-ఆమ్ల బ్యాటరీలకు సంబంధించినది. ఈ రకం బ్యాటరీలతో సందర్శకులను తిప్పే ఇతర వాహనాలకు కూడా ఇందులోని విషయాలు చాలావరకు వర్తిస్తాయి.

బ్యాటరీల అమరిక

గోల్ఫ్ కార్టులు సాధారణంగా 36 లేదా 48 వోల్టులతో పనిచేస్తాయి. 36 వోల్టుల కార్టులో 6 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉంటాయి. 48 వోల్టుల కార్టులో 8 వోల్టులవి ఆరు గాని, 12 వోల్టులవి నాలుగు గాని ఉంటాయి. ఇవన్నీ శ్రేణిలో కలపబడి ఉంటాయి. ఒక్కొక్క ఘటం (సెల్లు) సుమారు 2 వోల్టులు ఇస్తుంది కనుక 48 వోల్టుల సముదాయంలో 24 ఘటాలుంటాయి. శ్రేణి సంధానంలో అన్ని ఘటాల గుండా ఒకే విద్యుత్ ప్రవాహం పోవలసి ఉన్నందున, ఒక్క ఘటం చెడినా ఆ ప్రభావం మొత్తం సముదాయంపై పడుతుంది.

పూర్తిగా నిండిన బ్యాటరీలను కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 48 వోల్టుల సముదాయం సుమారు 50.9 వోల్టులు, 36 వోల్టులది సుమారు 38.2 వోల్టులు చూపుతుంది. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే ఇంతకంటే ఎక్కువ కనిపిస్తుంది. అది నమ్మదగిన కొలత కాదు.

ఛార్జరు అసలు మొదలవకపోవడం

ముందుగా గోడ సాకెట్టులో విద్యుత్తు ఉన్నదీ లేనిదీ, ఛార్జరు ఫ్యూజు, ప్లగ్గు లోపలి లోహపు కొసలు చూడాలి. ఇవి బాగుంటే బ్యాటరీల వోల్టేజిని కొలవాలి.

చాలా ఆటోమాటిక్ ఛార్జర్లు తమకు తగిలించిన బ్యాటరీల వోల్టేజిని ముందుగా గుర్తించి, ఆ తరువాతే రిలేను కలుపుతాయి. వోల్టేజి ఒక హద్దు కంటే తక్కువ ఉంటే ఛార్జరు మౌనంగా ఉండిపోతుంది. నెలల తరబడి వాడకుండా వదిలేసిన కార్టులలో ఇది సర్వసాధారణం. బ్యాటరీకి ఛార్జింగు అత్యవసరమైన సమయంలోనే ఛార్జరు నిరాకరించడం విచిత్రంగా తోచవచ్చు గాని, ఇందులో ఛార్జరు తప్పేమీ లేదు. ఇటువంటప్పుడు ఒక్కొక్క బ్యాటరీని దాని వోల్టేజికి సరిపడే చిన్న ఛార్జరుతో విడిగా కొంతసేపు నింపితే, తరువాత అసలు ఛార్జరు పని ప్రారంభిస్తుంది. 6 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల ఛార్జరును నేరుగా తగిలించరాదు.

ఖాళీ బ్యాటరీని ఎక్కువ కాలం ఉంచితే పలకలపై ఏర్పడిన సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. దీనిని సల్ఫేషన్ అంటారు. ఇది ముదిరిన బ్యాటరీ మళ్ళీ పూర్వపు సామర్థ్యాన్ని పొందదు.

క్లబ్ కార్ సంస్థ 1995 నుండి తయారుచేసిన అనేక 48 వోల్టుల కార్టులలో ఛార్జింగును వాహనంలోని చిన్న కంప్యూటరు నియంత్రిస్తుంది. ఆ కంప్యూటరు చెడితే బ్యాటరీలు, ఛార్జరు రెండూ బాగున్నా ఛార్జింగు జరగదు.

మొదలైనా సరిగా నిండకపోవడం

పాత ట్రాన్స్‌ఫార్మరు రకపు ఛార్జరు గుయ్‌మని మోగుతూ, అమ్మీటరు ముల్లు సున్నా వద్దనే ఉంటే ఫ్యూజు, డయోడు లేదా తీగ తెగి ఉండవచ్చు. ముల్లు మొదట పైకి లేచి, బ్యాటరీలు నిండే కొద్దీ క్రమంగా దిగిరావాలి. గంటలు గడిచినా దిగకపోతే ఏదో ఒక ఘటం లోపల షార్టు అయినట్లు అనుమానించాలి.

చెడిన బ్యాటరీని కనుగొనడానికి ప్రతి బ్యాటరీని విడిగా కొలవాలి. 6 వోల్టుల బ్యాటరీ నాలుగు వోల్టుల దరిదాపుల్లో చూపితే ఒక ఘటం పోయినట్లే. కొన్ని బ్యాటరీలు ఖాళీగా ఉన్నప్పుడు మంచి వోల్టేజి చూపి, బండి నడిచేటప్పుడు ఒక్కసారిగా పడిపోతాయి. అందువల్ల కార్టు కదులుతుండగా కూడా కొలవడం మంచిది. అన్నింటికంటే స్పష్టమైన సమాచారం హైడ్రోమీటరు ఇస్తుంది. నిండిన ఘటంలో ఆమ్లం సాపేక్ష సాంద్రత సుమారు 1.265 నుండి 1.280 వరకు ఉంటుంది. ఘటాల మధ్య తేడా 0.050 మించితే తక్కువ చూపిన ఘటం చెడినదిగా భావిస్తారు.

సముదాయం కొత్తదైతే చెడిన ఒక్కదానిని మార్చవచ్చు. పాత బ్యాటరీల మధ్య ఒక్క కొత్తది పెట్టడం మాత్రం పొదుపు కాదు. పాతవాటి బలహీనత కొత్తదాని ఆయుష్షును కూడా తగ్గిస్తుంది.

తుప్పుపట్టిన టెర్మినళ్ళు, వదులైన నట్లు కూడా ఇవే లక్షణాలు కలిగిస్తాయి. ఛార్జింగు సమయంలో వేడెక్కిన టెర్మినలు దగ్గర అతుకు చెడినట్లు గ్రహించాలి. తుప్పును వంటసోడా కలిపిన నీటితో శుభ్రం చేస్తారు. ఆ నీరు ఘటాలలోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.

జాగ్రత్తలు

ఛార్జింగు చివరి దశలో నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో దీని పరిమాణం 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకు కూడా మండుతుంది. కాబట్టి గాలి ఆడే చోటనే ఛార్జింగు చేయాలి, దగ్గరలో పొగ త్రాగరాదు. పనిచేసేవారు ఉంగరాలు, గొలుసులు, గాజులు తీసివేసి, కంటి అద్దాలు ధరించాలి.

ఇన్వర్టరు బ్యాటరీల వలెనే వీటికి కూడా స్వేదన జలమే (డిస్టిల్డ్ వాటర్) పోయాలి, ఆమ్లం కాదు. నీటిని ఛార్జింగు పూర్తయిన తరువాత పోయాలి. ముందే నిండుగా పోస్తే ఆమ్లం పొంగి బయటకు వస్తుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత నీరు ముందుగా పోయవచ్చు.

లిథియం బ్యాటరీలు

ఇటీవలి కార్టులలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వీటిలోని రక్షణ సర్క్యూటు వోల్టేజి మరీ పడిపోయినప్పుడు, లేదా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు ఛార్జింగును ఆపివేయవచ్చు. సీసం-ఆమ్ల బ్యాటరీల ఛార్జరును వీటికి వాడరాదు. నీరు పోయడం, హైడ్రోమీటరుతో పరీక్షించడం వీటికి వర్తించవు.