సియాటిల్ మానవ హక్కుల కమిషన్

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ నగర పాలనకు అనుబంధంగా పనిచేసే సలహా సంఘం ఇది. 1963 జులై 17న ఏర్పడింది. సభ్యులంతా జీతం తీసుకోకుండా సేవ చేసే స్థానికులు. వివక్షకు సంబంధించిన విషయాల్లో మేయర్‌కూ నగర మండలికీ సలహాలివ్వడం దీని బాధ్యత. కొన్ని ఫిర్యాదుల మీద అప్పీళ్లు కూడా వినేది. నిజానికి ఆనాడు నగరంలోని నల్లజాతి వారు కమిషన్ కావాలని అడగలేదు. ఇళ్ల అమ్మకంలో, అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టం కావాలని అడిగారు. కమిషన్ వెంటనే వచ్చింది. చట్టం రావడానికి దాదాపు అయిదేళ్లు పట్టింది. ఈ సంస్థ చరిత్రలో ముఖ్యంగా తెలుసుకోవలసినది ఆ అయిదేళ్ల కథే.

నేపథ్యం

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో సియాటిల్‌లోని చాలా పేటల స్థలాల దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది. ఆ స్థలాన్ని తెల్లవారు కాని వారికి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఇంట్లో ఉండి చాకిరీ చేసే పనివాళ్లకు మాత్రం మినహాయింపు. క్వీన్ యాన్, మాగ్నోలియా, క్యాపిటల్ హిల్, బ్రాడ్‌మూర్ వంటి పేటల్లో ఇలాంటి దస్తావేజులు నేటికీ దొరుకుతాయి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఈ షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పిచ్చింది. కానీ ఇల్లు చూపించని ఏజెంటును, అప్పు ఇవ్వని బ్యాంకును ఆ తీర్పు ఏమీ చేయలేకపోయింది.

1960 జనాభా లెక్కల నాటికి నగరంలో సుమారు 5,57,000 మంది ఉంటే, అందులో నల్లజాతి వారు 27,000 లోపే. వారిలో అయిదింట నాలుగు వంతుల మంది సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే ఒక్క ప్రాంతంలోనే ఉండేవారు. బోయింగ్ కర్మాగారంలో మంచి జీతం వచ్చే ఉద్యోగం ఉన్నా, ఆ ప్రాంతం దాటి ఇల్లు దొరకడం గగనంగా ఉండేది. ఇళ్ల వివక్ష మీద రాష్ట్రం 1957లో పరిమితమైన చట్టం ఒకటి చేసింది. 1961లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని దెబ్బతీసింది. దాంతో ఆశలన్నీ నగర మండలి మీదికి మళ్లాయి.

బైఠాయింపు, కమిషన్

మేయర్ గోర్డన్ క్లింటన్ నియమించిన పౌర సలహా సంఘం, ఇళ్ల వివక్షను నిషేధించే చట్టం చేయాలని 1962 చివర్లోనే సిఫారసు చేసింది. మండలి నెలల తరబడి దాన్ని పక్కన పెట్టింది. చివరికి 1963 జులై 1న దాదాపు 400 మంది మౌంట్ జయాన్ బాప్టిస్టు చర్చి నుంచి నగర కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్లారు. ఆ చర్చి పాస్టర్ శామ్యూల్ మెకిన్నీ, మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి చదువుకున్న వ్యక్తి. కింగ్‌ను 1961లో సియాటిల్‌కు రప్పించిందీ ఆయనే. ఊరేగింపులో వచ్చిన వారిలో సుమారు 35 మంది యువతీయువకులు మేయర్ కార్యాలయంలో బైఠాయించి, దాదాపు ఒక రోజంతా అక్కడి నుంచి కదల్లేదు. ఈ నగరంలో పౌర హక్కుల కోసం జరిగిన మొదటి బైఠాయింపు అదే. ఈ సంస్థ పుట్టుక గురించి రాసేటప్పుడు మేయర్ పేరు కన్నా ముందు చెప్పుకోవలసింది ఆ పిల్లల గురించే.

రెండు వారాలు తిరిగేసరికి మండలి మానవ హక్కుల కమిషన్‌ను ఏర్పాటు చేసి, చట్టం ముసాయిదా రాసే పని దానికి అప్పగించింది. 12 మంది సభ్యుల్లో నల్లజాతి వారు ఇద్దరే. ఎవరికి జరిగే అన్యాయం గురించి విచారించాలో వారికే అందులో తగినంత చోటు లేకపోవడం జనానికి మండిపోయేలా చేసింది. జులై 25న మండలి సమావేశ మందిరంలోనే మళ్లీ బైఠాయించారు. ఈసారి 20 మందికి పైగా అరెస్టయ్యారు.

ఇలా మొదలైనా కమిషన్ తనకిచ్చిన పని చేసింది. ముసాయిదా సిద్ధం చేసింది. మండలిలో దానికి గట్టిగా అండగా నిలిచినవాడు వింగ్ ల్యూక్. చైనాలో పుట్టి సియాటిల్‌లో పెరిగిన ల్యూక్ 1962లో గెలిచి, ఆ మండలిలోకి వచ్చిన మొదటి శ్వేతేతరుడయ్యాడు. 1965లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తాను కోరుకున్న చట్టాన్ని చూడకుండానే వెళ్లిపోయాడు.

ప్రజల ఓటు

మండలి ఆ ముసాయిదాను తానే ఆమోదించే ధైర్యం చేయలేక ప్రజల ఓటుకు వదిలేసింది. రియల్ ఎస్టేట్ వ్యాపారుల సంఘం, అద్దె ఇళ్ల యజమానుల సంఘం దానికి వ్యతిరేకంగా పెద్ద ఎత్తున ప్రచారం చేశాయి. ఇది బలవంతపు చట్టమని, సొంత ఆస్తి మీద యజమానికి హక్కు లేకుండా పోతుందని ఇంటింటికీ చెప్పాయి. 1964 మార్చి 10న చట్టం ఒకటికి రెండు కన్నా ఎక్కువ తేడాతో ఓడిపోయింది. అదే రోజు మేయరుగా గెలిచిన డార్మ్ బ్రేమన్ కూడా దాన్ని వ్యతిరేకించినవాడే. అల్పసంఖ్యాకుల హక్కును అధికసంఖ్యాకుల ఓటుకు పెట్టడంలోనే తప్పుంది. మండలి తప్పించుకున్న బాధ్యతకు వేల కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

తర్వాతి నాలుగేళ్లు చట్టం లేకుండానే కొందరు పని సాగించారు. ఎవరికైనా అమ్మడానికి సిద్ధపడిన తెల్లవారి ఇళ్ల జాబితాను స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసి, కొనదలచిన నల్లజాతి కుటుంబాలకు అందించేవారు. ఫిలిప్ హయసాకా డైరెక్టరుగా కమిషన్ కూడా ఫిర్యాదులు వింటూ, నచ్చజెబుతూ వచ్చింది. నచ్చజెప్పడానికి మించిన అధికారం దానికి లేదు.

1967లో శామ్ స్మిత్ ఎన్నికయ్యాడు. మండలిలో మొదటి నల్లజాతి సభ్యుడు, అంతకుముందు బోయింగ్ ఉద్యోగి, రాష్ట్ర శాసనసభ్యుడు. 1968 ఏప్రిల్ 4న కింగ్ హత్య జరిగింది. 11న సమాఖ్య ప్రభుత్వ గృహ వివక్ష నిషేధ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. 19న స్మిత్ ప్రతిపాదించిన నగర చట్టాన్ని సియాటిల్ మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. మళ్లీ ఓటింగుకు పెట్టే వీలు లేకుండా, అత్యవసర నిబంధన చేర్చి, వెంటనే అమల్లోకి తెచ్చారు. 1964 నుంచి నేర్చుకున్న పాఠం ఆ ఒక్క నిబంధనలో కనిపిస్తుంది.

అధికారాలు, విస్తరణ

1969లో నగరం మానవ హక్కుల శాఖను ఏర్పాటు చేసింది. ఫిర్యాదుల దర్యాప్తు దాని చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆ పని చేసేది సియాటిల్ పౌర హక్కుల కార్యాలయం. ఫిర్యాదు అందాక అధికారులు ఇరుపక్షాలనూ విచారిస్తారు, రాజీకి ప్రయత్నిస్తారు, వివక్ష జరిగిందనడానికి ఆధారాలుంటే చర్య మొదలుపెడతారు. ఆధారాలు లేవని తేలిస్తే ఫిర్యాదుదారు కమిషన్‌కు అప్పీలు చేసుకునే వీలుండేది. ఇళ్ల విషయంలో ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా కార్యాలయమే పరీక్షలు జరిపించిన సందర్భాలున్నాయి. ఆదాయం, ఉద్యోగం ఒకేలా ఉండి జాతి మాత్రం వేరైన ఇద్దరిని ఒకే యజమాని దగ్గరికి పంపి, ఎవరికి ఏం జవాబు వస్తుందో నమోదు చేస్తారు. నవ్వుతూ తలుపు వేసేసే వివక్ష ఇలాగే పట్టుబడుతుంది.

రక్షణ పొందే వర్గాల జాబితా కూడా పెరుగుతూ వచ్చింది. ఉద్యోగాల్లో లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష చూపడాన్ని 1973లో, ఇళ్ల విషయంలో 1975లో నిషేధించారు. దాన్ని రద్దు చేయాలని 1978 నవంబరులో ఇనిషియేటివ్ 13 పేరుతో ఓటింగు జరిగింది. అంతకుముందు రెండేళ్లలోపే మయామీ, సెయింట్ పాల్, విచిటా, యూజీన్ ప్రాంతాల్లో ఇలాంటి రక్షణలు ఓటర్ల చేతుల్లో రద్దయ్యాయి. సియాటిల్ ఓటర్లు మాత్రం పెద్ద తేడాతో రద్దును తిరస్కరించారు.

కుల వివక్ష నిషేధం

2023 ఫిబ్రవరి 21న నగర మండలి రక్షణ పొందే వర్గాల జాబితాలో కులాన్ని చేర్చింది. ప్రతిపాదించింది మండలి సభ్యురాలు క్షమా సావంత్. ఓట్లు 6–1. కుల వివక్షను చట్టంలో పేరు పెట్టి నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటిల్. దళిత సంఘాలు దీన్ని బలపరిచాయి, కొన్ని హిందూ సంఘాలు తమ సమాజాన్ని వేలెత్తి చూపుతోందని వ్యతిరేకించాయి. ఆ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువారు చాలామంది ఉన్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు. ఇంటిపేరు, ఊరు, తినే తిండి అడిగి కులం ఆరా తీసే అలవాటు విమానమెక్కినంత మాత్రాన పోదని తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఉద్యోగాలకు, ఇళ్లకు, హోటళ్లు దుకాణాల వంటి బహిరంగ స్థలాలకు ఈ నిషేధం వర్తిస్తుంది. అయితే దాని పరిధి నగర సరిహద్దుతో ఆగిపోతుంది. అమెజాన్ ప్రధాన కార్యాలయం సియాటిల్‌లో ఉంది, మైక్రోసాఫ్ట్‌ది మాత్రం ఆ సరిహద్దు బయట, పక్కనున్న రెడ్‌మండ్‌లో. అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఇలాంటి చట్టమే చేసింది. ఆ రాష్ట్రమంతటికీ వర్తించేలా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు గావిన్ న్యూసమ్ అక్టోబరులో తిప్పి పంపాడు. ఉన్న చట్టాల కిందికే కులం వస్తుందన్నది ఆయన చెప్పిన కారణం.