పెట్టె తెరిచేది ప్రమాదం జరిగాకేనా?

1993 నవంబర్ 15. మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 బేగంపేటలో దిగబోయింది. రన్‌వే సరిగా కనిపించక మళ్లీ పైకి లేచింది. సరిగ్గా అప్పుడే రెక్కల వెనకుండే ఫ్లాప్‌లు పూర్తిగా లోపలికి పోకుండా ఇరుక్కున్నాయి. పైలట్లు మద్రాసుకే తిరుగుముఖం పట్టారు. ఫ్లాప్‌లు బయటికి ఉంటే గాలి అడ్డుపడుతుంది, ఇంజిన్లు మామూలుకంటే ఎక్కువ ఇంధనం తాగుతాయి. మద్రాసు అందదని తేలాక తిరుపతి వైపు మళ్లారు. అదీ అందలేదు. ఇంధనం అయిపోయిన విమానం తిరుపతి దగ్గర వరి పొలాల్లో దిగింది. అందులో ఉన్న 262 మందీ బతికి బయటపడ్డారు.

ఫ్లాప్ ఎంత బయటికి ఉంది, ఇంజిన్ ఎంత తాగుతోంది, ఎత్తెంత, వేగమెంత? ఇవన్నీ క్షణక్షణం నమోదు చేసుకునే యంత్రమే ఫ్లైట్ డేటా రికార్డర్. జనం నోట అది బ్లాక్ బాక్స్. శకలాల మధ్య ఇట్టే కనబడాలని దానికి వేసేది మాత్రం నారింజ రంగు.

దీని పుట్టుకలో మన దేశానికీ ఓ విషాద బంధం ఉంది. 1953 మే 2న కలకత్తా డమ్‌డమ్ నుంచి ఢిల్లీకి బయల్దేరిన కామెట్ జెట్ విమానం కొద్ది నిమిషాలకే గాలివానలో ముక్కలైంది. 43 మంది చనిపోయారు. మరుసటి ఏడాది మరో రెండు కామెట్లు కూలాయి. ఆ ప్రమాదాల కారణాలు వెతికినవారిలో మెల్‌బోర్న్ పరిశోధనశాలకు చెందిన డేవిడ్ వారెన్ ఒకరు. 1934లో విమాన ప్రమాదంలోనే తండ్రిని పోగొట్టుకున్న మనిషి. చివరి నిమిషాల్లో పైలట్లు ఏం మాట్లాడుకున్నారో, మీటర్లు ఏం చూపించాయో తెలిస్తే ఇంత వెతుకులాట ఉండదు కదా అనుకున్నాడు. ఉక్కు తీగ మీద నాలుగు గంటల మాటలనూ, మీటర్ల అంకెలనూ నిలిపే యంత్రాన్ని తయారు చేశాడు. అంతకుముందే, 1939లో, ఫ్రాన్స్‌లో హుసెనో, బోదువాఁ అనే ఇంజనీర్లు ఫొటో ఫిల్మ్ మీద కాంతి గీతలతో ఇలాంటి పని చేసి చూపారు. వారెన్ దానికి గొంతు జోడించాడు. మొదట్లో సొంత దేశం పట్టించుకోలేదు. బ్రిటన్ ముందుగా విలువ కట్టింది.

ఆ గొంతు విలువ తెలుగువాళ్లకు 2009లో తెలిసింది. సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ గురించి వచ్చిన సూచన మీద పైలట్ల ధ్యాస చివరి నిమిషాల్లో నిలిచిపోయిందన్న సంగతి పైలట్ల మాటలు నమోదు చేసే కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ వల్లే బయటపడింది.

కానీ ప్రాణాలు పోయాక దొరికే నిజం ఎంత గొప్పదైనా ఆలస్యమే. ఏ ప్రమాదమూ జరగని రోజు కూడా రికార్డరులోని అంకెల్ని ఎందుకు చదవకూడదన్న ప్రశ్న వేసుకోవడమే ఈ కథలో అసలు మలుపు. బ్రిటన్‌లో 1960ల్లోనే ఆ ప్రయత్నం మొదలైంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దాన్ని రోజువారీ పద్ధతిగా మార్చింది. 27 టన్నులు దాటిన విమానాలు నడిపే సంస్థలన్నీ ఈ అంకెల్ని ఇలా చదివి తీరాలన్న అంతర్జాతీయ ప్రమాణం 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనూ ఇది తప్పనిసరి.

శంషాబాద్‌లో దిగే ఒక విమానాన్నే తీసుకుందాం. రికార్డరు పెట్టెను ఊడదీయక్కర్లేదు. క్విక్ యాక్సెస్ రికార్డర్ అనే మరో పరికరంలో అవే అంకెలు ఉంటాయి. ఒకప్పుడు దాని కార్డు చేత్తో తీసుకెళ్లేవారు, ఇప్పుడు కొత్త విమానాల్లో నేల మీదికి వచ్చాక మొబైల్ నెట్‌వర్క్ మీదుగా అంకెలు వాటంతటవే ఆఫీసుకు చేరతాయి. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి చక్రాలు దిగాయా, ఫ్లాప్‌లు కుదురుకున్నాయా, వేగం హద్దులో ఉందా, చివరికి చక్రం నేలను ఎంత బలంగా తాకింది అన్నవి కంప్యూటర్ చూస్తుంది. హద్దు దాటితే గుర్తు పెడుతుంది. ఒక పైలట్‌కు ఒకసారి జరిగితే అది ఆయనతో మాట్లాడాల్సిన విషయం. ఒకే రన్‌వే దగ్గర పదిమందికీ అదే జరుగుతుంటే లోపం మనుషుల్లో కాదు, దిగే పద్ధతిలోనే ఉందని అర్థం.

ఇంధనం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. దిగాక ఒక ఇంజిన్ ఆపి గేటుదాకా వస్తే ఎంత మిగులుతుందో, ఏ ఇంజిన్ రోజురోజుకూ ఎక్కువ వేడెక్కుతోందో ఈ అంకెలే చెబుతాయి. చెడిపోకముందే ఆ ఇంజిన్ మెకానిక్ చేతికి వస్తుంది.

అయితే పైలట్ భయపడితే ఈ ఏర్పాటు మొత్తం చచ్చుబడిపోతుంది. అందుకే బ్రిటిష్ ఎయిర్‌వేస్ పద్ధతిలో ఆ విమానం నడిపింది ఎవరన్నది పైలట్ల సంఘం ప్రతినిధికి మాత్రమే తెలిసేది. శిక్షించడానికి వాడే డేటా ఎవరికీ నిజం నేర్పదు.

వరంగల్ మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. నెల్లికుదురు, మహబూబాబాద్ వాళ్లు విమానం ఎక్కడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేని రోజు రావచ్చు. ఆ రోజు విమానం దిగబోయి మళ్లీ పైకి లేస్తే కంగారు పడకండి, పైలట్‌ను తిట్టుకోకండి. లెక్క కుదరనప్పుడు మళ్లీ లేవడమే సరైన పని.